చందా బటన్ నొక్కితే 50 రూపాయలకే ‘లిమిట్ దాటింది’ అంటోంది, ఎవరికైనా తెలుసా?

గీతలపిచ్చి, విజయవాడ
పొద్దుట్నుంచి దీంతోనే కూర్చున్నాను, ఇక బుర్ర పనిచేయట్లేదు. మాది తెలుగు వెబ్‌కామిక్స్ సైట్. బొమ్మలేసే వాళ్ళెవరైనా ఉచితంగా పేజీ తెరుచుకోవచ్చు. ప్రకటనలు పెట్టం. సర్వర్ ఖర్చంతా చదివేవాళ్ళు ఇష్టపడి ఇచ్చేదాంతోనే గడవాలి. ప్రతి ఎపిసోడ్ కింద ‘చందా ఇవ్వండి’ అని పెట్టాం. నొక్కితే యూపీఐ యాప్ తెరుచుకుంటుంది, నా పేరు సరిగ్గానే చూపిస్తుంది, తీరా కట్టబోతే ‘బ్యాంకు లిమిట్ దాటింది’ అని ఆగిపోతోంది. 50 రూపాయలకి లిమిట్ ఏంటండీ? 10 కొట్టినా అదే. బ్యాంకుకి ఫోన్ చేస్తే మా వైపు అంతా బాగానే ఉందన్నారు. రేపే సర్వర్ బిల్లు. అర్జెంట్.

బ్రాడీపేట నాలుగో లైను
ఏ యాప్? క్యూఆరా, లింకా? ఖాతా ఎలాంటిది? ఇవేమీ చెప్పకుండా అర్జెంట్ అంటే ఎలా.

పిక్సెల్ పంతులు
చందా సంగతి తర్వాత, అసలు బిల్లు ఎందుకంత వస్తోందో చూసుకున్నారా? మీ సైట్ తెరిచాను. ఒక్కో బొమ్మ ప్రింటుకి పంపే సైజులో, పీఎన్‌జీ ఫార్మాట్లో అలాగే ఎక్కించేశారు. నిలువుగా స్క్రోల్ చేసే కామిక్‌కి ఫోన్లో 800 పిక్సెళ్ళ వెడల్పు చాలు. అసలు ఫైలు దాచుకోండి, చూపించడానికి చిన్న కాపీ చేయండి. కింద ఉన్న ప్యానెళ్ళు పాఠకుడు అక్కడికి వచ్చినప్పుడే లోడ్ అవ్వాలి. ఒకసారి చూసిన బొమ్మ మళ్ళీ దిగకుండా కాష్ హెడర్లు (బ్రౌజర్‌ని దాచుకోమనే సూచనలు) పెట్టాలి. క్లౌడ్ వాళ్ళ దగ్గర బొమ్మ దాచినందుకు అయ్యే ఖర్చు తక్కువే, అది బయటికి వెళ్ళిన ప్రతిసారీ పడే డేటా ఛార్జీయే నడ్డి విరిచేది. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళ ఫైళ్ళు దాచే సర్వీసు ఆర్2లో ఆ ఛార్జీ లేదు. నెలకి 10 జీబీ వరకు దాచుకోవడం కూడా ఉచితమే. ముందు కారే కుండకి మాట్ వేయండి, నీళ్ళు తర్వాత పోద్దురుగాని.

గీతలపిచ్చి, విజయవాడ
పంతులుగారూ, నేనడిగింది చందా గురించి. @బ్రాడీపేట, లింకేనండీ. ఫోన్లో చదివేవాడు తన ఫోన్‌తో తన స్క్రీన్ మీదున్న క్యూఆర్‌ని ఎలా స్కాన్ చేస్తాడు? ఖాతా నాదే, మామూలు సేవింగ్స్. ఇందులో చెప్పడానికేముంది?

బ్రాడీపేట నాలుగో లైను
రోగం అదే. పర్సనల్ యూపీఐ ఐడీకి లింకు పని చేయదు. మర్చంట్ ఐడీ, అంటే వ్యాపార ఖాతాకిచ్చే ఐడీ తీసుకోండి.

గీతలపిచ్చి, విజయవాడ
పని చేయకపోవడమేంటి, కంప్యూటర్లో క్యూఆర్ పెట్టి మా తమ్ముడి చేత స్కాన్ చేయిస్తే డబ్బులు వచ్చాయిగా!

పటమట పద్మ
స్కాన్ చేస్తే వెళ్తాయండీ, లింకు నొక్కితేనే ఆపేస్తున్నారు. వెబ్‌పేజీ లోంచి యాప్‌ని తెరిపించే లింకులు మోసగాళ్ళు బాగా వాడారు. అందుకని అవతల ఉన్నది వ్యాపార ఖాతా కాకుండా మనిషి సొంత ఖాతా అయితే చాలా యాప్‌లు అనుమానించి ఆపేస్తాయి. ఆ ‘లిమిట్’ మాట నమ్మి బ్యాంకు చుట్టూ తిరగకండి, బ్యాంకుకీ దానికీ సంబంధం లేదు. మా డాన్స్ స్కూల్ ఫీజులకీ ఇదే జరిగింది.

ఈ రాత్రికి గట్టెక్కాలంటే బటన్ తీసేసి యూపీఐ ఐడీని అక్షరాల్లో రాసి, పక్కన ‘కాపీ’ అని పెట్టండి. వాళ్ళే యాప్‌లో అతికించుకుని పంపుతారు. కంప్యూటర్లో చూసేవాళ్ళకి క్యూఆర్ ఉంచండి. ఇంకోటి, రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలుపుకున్న వాళ్ళుంటారు. ఆ కార్డుతో పర్సనల్ ఐడీకి ఎలా పంపినా వెళ్ళదు. వాళ్ళని బ్యాంకు ఖాతా నుంచి పంపమని ఒక ముక్క రాయండి.

ఆడిటర్ గారబ్బాయి, గుంటూరు
అందరూ బటన్ దగ్గరే ఆగిపోయారు. సేవింగ్స్ ఖాతాలోకి ముక్కూ మొహం తెలియని వాళ్ళ డబ్బు వస్తోంది. బంధువులు కానివాళ్ళు ఊరికే ఇచ్చింది ఏడాది మొత్తం మీద 50,000 దాటితే, దాటిన ముక్కకే కాదు, మొత్తానికీ పన్ను లెక్క వస్తుంది. మీ అభిమానుల్లో అమెరికాలో ఉన్నవాళ్ళూ ఉండే ఉంటారు, మన జిల్లాల సంగతి తెలిసిందేగా. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదన లోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళది, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళం కింద చూస్తారు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) దాకా పోకండి.

గీతలపిచ్చి, విజయవాడ
మాకు వచ్చేది సర్వర్‌కే చాలట్లేదు సార్, 50,000 ఎక్కడ. అయినా ఊరికే తీసుకోవట్లేదు, 100 ఇచ్చినవాళ్ళకి తర్వాతి ఎపిసోడ్ వారం ముందే చూపిస్తున్నాం.

ఆడిటర్ గారబ్బాయి, గుంటూరు
ఇది ముందు చెప్పాలి కదా! అప్పుడది చందా కాదు, ఫీజు. ఫీజు మీ ఆదాయం, ఖర్చులు తీసేసి మిగిలినదానికి లెక్క చూపాలి.

లబ్బీపేట మావయ్య
వంద రూపాయలకి ఆదాయం, ఫీజు అని పెద్ద పెద్ద మాటలెందుకయ్యా. ఎండాకాలం మేం చలివేంద్రం పెడతాం, షాపులవాళ్ళు తలా కొంత ఇస్తారు, ఇచ్చినవాడి పేరు బ్యానర్ మీద వేస్తాం. రేపు దాన్ని ప్రకటన ఫీజంటావా?

ఆడిటర్ గారబ్బాయి, గుంటూరు
మావయ్యగారూ, మీ మజ్జిగ ఇచ్చినవాడికీ ఇవ్వనివాడికీ ఒకేసారి అందుతుంది. వీళ్ళు డబ్బిచ్చినవాడికి వారం ముందు పోస్తున్నారు. తేడా అక్కడుంది.

లబ్బీపేట మావయ్య
ఏదైనా చందా చందానే.

బ్రాడీపేట నాలుగో లైను
చర్చ దారి తప్పింది. మర్చంట్ ఐడీకి పాన్, సైట్లో రీఫండ్ నియమాల పేజీ, చిరునామా రెడీ పెట్టుకోండి. ‘డొనేషన్’ అని రాస్తే ట్రస్టు కాగితాలు అడుగుతారు.

పటమట పద్మ
అది నిజమే. నలుగురూ కలిసి నడిపే పనికి సొసైటీ అయితేనే మేలు. మన రాష్ట్రంలో 2001 సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. మీ బొమ్మలేసే వాళ్ళలోనే దొరుకుతారు. ఖాతా సొసైటీ పేరు మీద ఉంటే రేపు మీరు వేరే ఊరు వెళ్ళినా సైట్ ఆగదు. స్మాక్‌జీవ్స్ సంగతి తెలిసే ఉంటుంది. 2005 నుంచి నడిచిన ఉచిత కామిక్ హోస్టింగ్, చేతులు మారి 2020 డిసెంబర్ 31న మూతపడింది. మీ దగ్గర ఆర్టిస్టులు తమ కామిక్ మొత్తం ఒకేసారి దింపుకునే ఏర్పాటు ఉందా?

గీతలపిచ్చి, విజయవాడ
లేదు. అడిగితే నేనే పంపిస్తున్నా.

పిక్సెల్ పంతులు
ఒరిజినల్స్ వేరుగా దాచి ఉంటే అది గంట పని. నేను మొదట చెప్పింది అందుకే. చూపించే కాపీలన్నీ వెబ్‌పీ అనే తేలిక ఫార్మాట్లోకి మార్చేయండి.

తెనాలి గీత
పంతులుగారూ, నేను మార్చి చూశాను. ఎర్ర అక్షరాలు ముద్దగా వస్తున్నాయి, బబుల్స్‌లో ఒత్తులు అలికినట్టుంటున్నాయి. ‘క్ష’కీ ‘క్ల’కీ తేడా తెలియట్లేదు.

పిక్సెల్ పంతులు
లాసీ పెట్టి ఉంటారు, అంటే సైజు తగ్గించడానికి కొంత వివరం వదిలేసే పద్ధతి. అందులో రంగు వివరం నిలువునా అడ్డంగా సగానికి తగ్గిపోతుంది, క్వాలిటీ 100 పెట్టినా సరే. చదును రంగులు, నల్ల గీతలు ఉన్న బొమ్మకి లాస్‌లెస్ (ఏ వివరమూ వదలని పద్ధతి) పెట్టండి, చాలాసార్లు పీఎన్‌జీ కంటే చిన్నగానే వస్తుంది. వాటర్‌కలర్ లాంటివాటికి లాసీ ఓకే, అక్షరాలు మాత్రం కాస్త పెద్దగా, నలుపులో రాయండి.

గీతలపిచ్చి, విజయవాడ
కాపీ బటన్ పెట్టాను, డబ్బులు పడుతున్నాయి. థాంక్స్ పద్మగారూ. సొసైటీ సంగతి పండగయ్యాక చూస్తా.

ఆడిటర్ గారబ్బాయి, గుంటూరు
వారం ముందు చూపించడం ఆపేశారా లేదా?

సత్తెనపల్లి శీను
నాకూ ఇదే ఎర్రర్ అండీ, కానీ నాది మర్చంట్ ఐడీయే. స్కాన్ చేసినా అదే వస్తోంది. ఎవరైనా చెప్తారా?