కడుపు పోతే తప్పు ఎవరిది? అలవాట్ల గురించి అడగాలా వద్దా?

పుత్తూరు_కుర్రోడు:
అందరికీ నమస్తే. మా వదినకి తొమ్మిదో వారంలో అబార్షన్ అయింది, స్కాన్‌లో గుండె కొట్టుకోవడం లేదన్నారు. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే రచ్చ, కొండకి బస్సులో పోయింది, ఘాట్ రోడ్డు కుదుపులకే పోయిందని మా అమ్మ, కాదు బొప్పాయి తినిందని మా మేనత్త. వదిన ఏం మాట్లాడదు, గోడవైపు తిరిగి పడుకోనుంది. నిజంగా మనం చేసే పనులవల్ల కడుపు పోతుందా? అసలు ఈ కారణాలు వెతకడం అవసరమా?

చంద్రగిరి_శైలజ:
తమ్ముడూ, ముందు ఇంట్లో ఆ మాటలు ఆపించు. బస్సు కుదుపులకి కడుపు పోదు. టెస్టులో తేలిన గర్భాల్లోనే నూటికి 10 నుంచి 20 ఇట్లా పోతాయి, ఎక్కువ భాగం మొదటి 12 వారాల్లోనే, వాటిల్లో సగం దాకా పిండంలో క్రోమోజోముల లెక్క తప్పడం వల్ల. అది ఎవరి చేతుల్లోనూ లేదు. నేనైతే అలవాట్ల సంగతి అసలు ఎత్తొద్దంటాను. కాఫీ తాగినావా, బిందె ఎత్తినావా, ఎందుకు పరిగెత్తినావు అని ఆ పిల్లనే నిలబెట్టి అడుగుతారు, ఇంకేం జరగదు.

రేణిగుంట_రమణ:
శైలజక్కా, బస్సు సంగతి ఒప్పుకుంటా, కానీ మొత్తం నోరు మూసుకోమంటే ఎట్లా? డెన్మార్క్‌లో 90 వేలకు పైగా గర్భాలు చూసి 2014లో ఒక స్టడీ వేసినారు, వయసు, మందు తాగడం, నైట్ డ్యూటీ, రోజూ 20 కిలోలకు పైగా మోయడం, మరీ బక్కగానో లావుగానో ఉండడం, ఇట్లాంటివి తగ్గించగలిగితే నాలుగో వంతు ఆపొచ్చని అంచనా. మన శ్రీసిటీ కంపెనీల్లో నైట్ షిఫ్టుకి పోయే ఆడపిల్లలు ఎంతమంది? సీజన్‌లో మామిడి మండీల్లో తోతాపురి క్రేట్లు ఎత్తేవాళ్ళు? వాళ్ళకి ఈ మాట చెప్పకపోతే డ్యూటీ మార్చమని సూపర్‌వైజర్ని ఎట్లా అడుగుతారు? ఇంకోటి, కడుపు పోయినా ఆరు వారాలు జీతంతో సెలవు ఇవ్వాలని 1961 ప్రసూతి చట్టం కాలం నుంచీ ఉంది, మనోళ్ళలో చానామందికి తెలీదు.

చంద్రగిరి_శైలజ:
ఆ స్టడీ లెక్కలో ఎక్కువ వాటా వయసుదీ మందుదీ రమణా. మన ఊళ్ళల్లో కడుపుతో ఉండి మందు తాగే ఆడోళ్ళు ఎంతమంది? ఆ నాలుగో వంతు లెక్క ఇక్కడికి అట్లే దించేస్తే కుదరదు. సెలవు మాట మంచిది, అది గట్టిగా చెప్పు.

కుప్పం_పెద్దాయన:
మా కాలంలో ఆడవాళ్ళు కాన్పు రోజు దాకా నాట్లేసినారు, ఏమీ కాలేదు. ఇప్పుడే ఈ రోగాలన్నీ.

నర్సక్క_తిరుపతి:
పెద్దాయనా, అప్పుడు కూడా పోయేవి, ఎవరూ లెక్క రాయలేదు. నెల తప్పి ఆలస్యంగా కనపడితే ముట్టు లేటయిందనుకుని ఊరుకునేవాళ్ళు.

నేను కాన్పుల వార్డులో చేస్తా. ఇంతసేపు మాట్లాడినారు, ఒక్కరైనా మొగుడి గురించి అడిగినారా? మా ఓపీ చీటీలో ఆమె బరువు, బీపీ, షుగర్, థైరాయిడ్ అన్నీ రాస్తాం, ఆయన సిగరెట్ తాగుతాడా అని రాసేదానికి గడే లేదు. గేటు బయట తాగేసి వచ్చి ఆ వాసనతోనే భార్య పక్కన కూర్చుంటాడు. ఆ పొగ పీల్చినా రిస్క్ పెరుగుతుంది. తండ్రి వయసు 40 దాటినా పెరుగుతుంది, అది ఎవరూ చెప్పరు. అదుపులో లేని షుగర్, చూపించుకోని థైరాయిడ్, ఇవి నిజమైన కారణాలు, మందులతో సరిచేసుకోవచ్చు. బాగా పండిన బొప్పాయి తింటే ఏం కాదు, పచ్చికాయ పాలతోనే భయం, అది కూడా ఎలుకల మీద చూసిందే. కాఫీ రోజుకి చిన్న కప్పులు రెండు దాటకుండా చూసుకుంటే చాలు. మంచం దిగకుండా పడుకుంటే కడుపు నిలుస్తుందని కూడా రుజువు లేదు, ఆ పేరుతో ఆడపిల్లని నెలలు నెలలు గదిలో పెట్టేస్తారు, అది చూస్తే నాకు చానా కోపం.

శైలజా, నువ్వు చెప్పే భయం నిజమే. అయినా అడగాల్సిందే అంటా నేను, కాకపోతే గర్భం రాకముందే, ఇద్దర్నీ కూర్చోబెట్టి.

చంద్రగిరి_శైలజ:
ఇద్దర్నీ అంటే సరే అక్కా. ఆ గదిలో అత్త ఉండకూడదు.

పుత్తూరు_కుర్రోడు:
అక్కా, వదినకి 27. ఇదే మొదటిసారి. టెస్టులన్నీ చేయించాలా?

నర్సక్క_తిరుపతి:
ఒక్కసారి పోయినదానికి పెద్ద టెస్టులేం అక్కర్లేదబ్బా. రెండు మూడు సార్లు వరసగా పోతే అప్పుడు థైరాయిడ్, గర్భసంచి స్కాన్, రక్తం గడ్డకట్టే యాంటీబాడీల టెస్ట్ చేస్తారు, అది పాజిటివ్ వస్తే ఆస్పిరిన్, హెపారిన్ ఇస్తారు, చానామందికి ఆ తర్వాత బిడ్డ నిలుస్తుంది. ఇప్పుడైతే జ్వరం వచ్చినా, గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం పోయినా రాత్రనకుండా ఆస్పత్రికి తీసుకపో. మళ్ళీ ప్లాన్ చేసుకునే ముందే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టమను. మీ అన్నకి సిగరెట్ అలవాటుందా?

పుత్తూరు_కుర్రోడు:
రోజుకి ఒక ప్యాకెట్ అక్కా. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఈ రాత్రి అన్నతో నేనే మాట్లాడతా, అమ్మకి కూడా మీరు రాసిందే చదివి వినిపిస్తా.