రోటవేటర్‌కి జీలుగ చుట్టేసుకుంటోంది, అర్జంటు

కోనసీమ కుర్రాడు: వరి నాట్లకి ముందు ఎరువుగా దున్నేద్దామని పెంచిన జీలుగ పైరుతో పొద్దున్నుంచీ ఇదే తంటా అండి. పది గజాలు పోయేసరికి కాడలు చుట్టుకుని, ట్రాక్టర్ వెనక తిరుగుతూ దున్నే రోటవేటర్ ఆగిపోతోంది. కత్తితో కోసి లాగుతుంటే గోగునారలా సాగుతోంది. ట్రాక్టరాయన గంటల లెక్కన అద్దె కట్టుకుంటూ గట్టు మీద ఫోన్ చూసుకుంటున్నాడు. అవతల నారు ఎదిగిపోతోంది. టెన్షన్‌తో చస్తున్నాను, ఎవరైనా చెప్పండి.

భీమవరం బాబాయ్: వయసెంత?

కోనసీమ కుర్రాడు: నాకా అండి?

భీమవరం బాబాయ్: జీలుగకి.

మండపేట రైతు: అసలు ఒక్క జీలుగే ఎందుకేశారు? నవధాన్యాలు చల్లాలి. జొన్న, సజ్జ, అలసంద, ఉలవ, నువ్వు అన్నీ కలిస్తే ఒక్కోదాని వేరు ఒక్కో లోతుకి దిగుతుంది. మనవాళ్లు దాళ్వా (రెండో పంట వరి) కోయగానే గడ్డికి నిప్పెట్టి, కాలువలకి నీళ్లు ఆపేసినన్నాళ్లూ నేలని ఎండకి వదిలేస్తారు. తర్వాత యూరియా చాలట్లేదని ఏడుపు.

ఉప్పలగుప్తం: ఆయన అడిగింది రోటవేటర్ గురించండి. పైగా మా సముద్రం వైపు చౌడుకి తట్టుకునేది జీలుగే. జనుమైతే నీళ్లు నిలిస్తే చస్తుంది.

మండపేట రైతు: నేను జనుము అన్నానా? పచ్చాకు ఎరువు గురించి చెబుతున్నాను.

ఉప్పలగుప్తం: పచ్చాకంటే గట్ల మీది కానుగ, గ్లైరిసీడియా కొమ్మలు తెచ్చి తొక్కేది. ఇది పచ్చిరొట్ట, చేలోనే పెంచి దున్నేసేది.

మండపేట రైతు: ఏదైనా నేలకేగా!

కోనసీమ కుర్రాడు: దాళ్వా కోతలవగానే ఆ పదును మీదే చల్లాం. మనిషెత్తు దాటింది. కింద కాయలు కూడా కట్టాయి. చేలో నీళ్లు లేవు, మాది కాలువ చివర శివారు భూమి.

భీమవరం బాబాయ్: ఇది ముందు చెప్పాలి కదయ్యా. 45-50 రోజులకి, పూత పడుతుండగా దున్నేయాలి. కాయ కట్టాక కాడంతా నారే, త్వరగా కుళ్లదు. పొడి మీద రోటవేటర్ ఆపేయ్. మొదలంటా కోయించి ముక్కలు చేయించు. నీళ్లొచ్చాక బస్తా సూపర్ ఫాస్ఫేట్ ఎరువు చల్లి, ట్రాక్టర్‌కి కేజ్ వీల్స్ (దమ్ము చేసే ఇనప చక్రాలు) పెట్టి తొక్కించు. నాట్లకి వారం పది రోజులు ఆగు. ముదురు కాబట్టి ఇంకాస్త ఆగినా తప్పులేదు.

మండపేట రైతు: సూపర్ ఎందుకండీ, ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతం పోస్తే సరిపోదా?

భీమవరం బాబాయ్: పోసుకోండి.

కోనసీమ కుర్రాడు: ట్రాక్టర్ పంపేశాను. బ్రష్ కట్టర్ తెచ్చారు, సగం అయింది. థాంక్సండి. ఈ కోసిన కాడలు గేదెలకి వేయొచ్చా?