లోక్‌సభలో మా ఎంపీ ప్రశ్నకు సగం జవాబే వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

అందరికీ నమస్కారం. మా ఊరి అండర్‌పాస్‌లో వానొస్తే నడుంలోతు నీళ్లు, స్కూలు ఆటోలు గంటలకొద్దీ అటే ఆగిపోతాయి. మేం పదే పదే అడిగితే మా ఎంపీ గారు లోక్‌సభలో అన్‌స్టార్డ్ ప్రశ్న వేశారు. రోజుకు 230 దాకా తీసుకునే ఈ ప్రశ్నలకు జవాబు కాగితం మీదే వస్తుంది, స్టార్ ప్రశ్నల్లా సభలోనే మంత్రిని నిలదీసే అనుబంధ ప్రశ్నలుండవు. మాకొచ్చింది ఒకటే లైను: "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం." ఇలాంటి మాట హామీ కింద లెక్క, 3 నెలల్లో నెరవేర్చాలి, దాన్ని ప్రభుత్వ హామీల కమిటీ చూస్తుంది. ఐదు నెలలైంది, ఉలుకూ పలుకూ లేదు. ఆ కమిటీకి మాలాంటివాళ్లు నేరుగా రాయొచ్చా, ఎంపీ గారి చేతే రాయించాలా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, మళ్లీ వానాకాలం వచ్చేస్తోంది.