పద్మిని కారు దారిలో ఆగిపోతోంది, అరగంట ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతోంది. స్పార్కా? పెట్రోలా?

తెనాలి_పద్మిని:
అందరికీ నమస్కారం. మా నాన్నగారి బండి, 1986 ప్రీమియర్ పద్మిని, పెట్రోల్, 1089 సీసీ, స్టీరింగ్ పక్కన గేరు రాడ్ ఉండే మోడల్. ఆరేళ్లు షెడ్డులో పట్టా కింద పడి ఉంటే పోయిన సంక్రాంతికి బయటికి తీశాను. బ్రేకులు, వైరింగ్ చాలావరకు ఇంటి దగ్గర నేనే చేసుకున్నా. స్పానర్ పట్టుకోవడం వచ్చు గానీ నేను మెకానిక్‌ని కాదు, బ్యాంకు గుమాస్తాని.

పొద్దున చోక్ లాగి సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకి స్టార్ట్ అవుతుంది. ఊళ్లో ఎంత తిరిగినా ఏ గొడవా లేదు. తెనాలి నుంచి విజయవాడ బయలుదేరితే మాత్రం దారిలో ఎక్కడో ఒకచోట యాక్సిలరేటర్ తొక్కినా లాగదు, తర్వాత నాలుగు జర్కులిస్తుంది, ఆపైన రెండుసార్లు దగ్గినట్టు చేసి ఆగిపోతుంది. అప్పుడు ఎంత సెల్ఫ్ కొట్టినా బ్యాటరీ దిగడమే. బానెట్ ఎత్తి, ఏసీ పంప్ (పెట్రోల్ పంప్) మీద తడిగుడ్డ వేసి, ఒక అరగంట చెట్టు కింద కూర్చుంటే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. తడిగుడ్డ ఐడియా నాన్నది, ఇది వేపర్ లాకే, అంటే వేడికి పైపులో పెట్రోలు ఆవిరై అడ్డుపడటమే అని ఆయన తీర్పు. రేడియేటర్‌లో నీళ్లు తగ్గట్లేదు, ఇంజిన్ మరీ వేడెక్కట్లేదు.

ఇప్పటిదాకా స్పార్క్ వైపు సామాన్లు, అంటే కాయిల్, ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్ మార్పించాను, కార్బరేటర్ రెండుసార్లు విప్పి కడిగించాను. తొమ్మిది వేలు దాటింది. ఇప్పుడు మెకానిక్ ఇంజిన్ విప్పాలంటున్నాడు, అందుకే ఇక్కడికొచ్చి పడ్డాను. వింటేజ్ బండ్లు చూసుకునేవాళ్లు ఎవరైనా దారి చూపించండి.

ఓరుగల్లు_అంబీ:
ముందుగా ఒక్క మాట తమ్ముడూ, 1986 బండిని వింటేజ్ అనకు. 2021లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటితేనే వింటేజ్, అప్పుడే వీఏ సిరీస్ నంబర్ ప్లేటు. నీది ఇంకా కుర్రబండి.

ఇక సమస్యకొస్తే, నూటికి తొంభై పాళ్లు కండెన్సరే. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, వేడెక్కితే చేతులెత్తేస్తుంది, చల్లారితే మళ్లీ మామూలే. నువ్వు చెప్పిన లక్షణాలన్నీ అవే. కొత్తది వేశాను కదా అంటావేమో, ఈ రోజుల్లో కొత్తది అంటే మంచిది అని కాదు. నా అంబాసిడర్‌కి కొత్త కండెన్సర్ వేయించి ఇంటికి కూడా చేరలేదు, డిక్కీలో పడేసిన పాతదే తీసి మళ్లీ బిగించుకున్నాను. పాయింట్లు విప్పి చూడు, ఒక వైపు గుంట పడి రెండో వైపు చిన్న మొటిమలా లేచి ఉంటే కండెన్సర్ సరిగ్గా పనిచేయట్లేదని అర్థం. పాయింట్ల మధ్య గ్యాప్ కూడా ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) పెట్టి చూసుకో, 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. బ్లేడు ముక్క దూర్చి కంటికి ఆనినట్టు పెట్టే మెకానిక్‌లు ఉన్నారు, వాళ్లని బానెట్ దగ్గరికి రానివ్వకు.

డిక్కీలో_టూల్స్:
మీ నాన్నగారు చెప్పిందే కరెక్ట్ అనిపిస్తోంది నాకు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, పద్మిని తయారైన రోజుల్లో అలాంటిది లేదు. ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, పెట్రోల్లో తేలికపాటివి ఇంకా ముందే ఆవిరవుతాయి. మన పంప్ ఇంజిన్‌కే అతుక్కుని ఉంటుంది, పెట్రోల్‌ని వెనక ట్యాంకు నుంచి పీల్చుకోవాలి. పైపులో ఆవిరి బుడగ పడితే పంప్ దాన్నే నలుపుతూ కూర్చుంటుంది, పెట్రోలు ముందుకు కదలదు. పైపు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే వేడి గొట్టం) పక్కగా వెళ్తుంటే దూరంగా జరిపి కట్టండి. పాత రబ్బరు పైపులు కూడా మార్చేయండి, ఇథనాల్ వాటిని లోపల్నుంచి తినేస్తుంది, పైకి బాగానే కనిపిస్తాయి. మార్చేటప్పుడు మామూలు ట్యూబు కాకుండా పైన 30ఆర్9 (పెట్రోల్ పైపుల రకం గుర్తు) అని ముద్ర ఉన్నది అడగండి.

గాజువాక_రిటైర్డ్:
బాబూ, నేను ముప్పై ఏళ్లు ఫియట్ బండ్ల మీదే బతికినవాణ్ణి. పైన ఇద్దరూ చెప్పినవి జరగనివి కావు, కానీ నీ బండికి ఏం జరుగుతోందో మాకెవరికీ తెలీదు, నువ్వు చూసి చెప్పాలి. ఆగిన బండిని ఆగినప్పుడే చూడాలి. అరగంట పోయి స్టార్ట్ అయ్యాక షెడ్డుకి తీసుకెళ్తే ఎవడైనా ఊహించి సామాన్లు మార్చడమే, నీ తొమ్మిది వేలు అలాగే పోయాయి.

ఈసారి ఆగగానే ఇలా చెయ్యి. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది) క్యాప్ మధ్యలోకి వచ్చే లావు వైరు ఊడబెరికి, రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని, దాని కొసని ఇంజిన్ బ్లాక్‌కి అర సెంటీమీటరు దూరంలో ఉంచి ఇంకొకళ్లని సెల్ఫ్ కొట్టమను. నీలంగా టక్ టక్‌మని దూకితే కాయిలూ కండెన్సరూ బాగున్నట్టే. పసుపుగా, నీరసంగా ఉంటే అంబీ గారి మాట నిజం. అది అయ్యాక వైరు మళ్లీ పెట్టేసి, అప్పుడు మాత్రమే కార్బరేటర్ దగ్గర పెట్రోల్ పైపు ఊడదీసి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించు, పంప్ కొట్టినప్పుడల్లా ధారగా చిమ్మాలి. రెండూ ఒకేసారి చెయ్యకు. పెట్రోల్ పైపు ఊడదీసి పక్కన స్పార్క్ చూసి మీసాలు కాల్చుకున్నవాళ్లని చూశాను.

ఇంకో రెండు ప్రశ్నలు. తడిగుడ్డ వెయ్యకుండా ఎప్పుడైనా అరగంట ఆగి చూశావా? ఆగిన ప్రతిసారీ ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది?

తెనాలి_పద్మిని:
@ఓరుగల్లు_అంబీ అన్నా, మీ రూల్ నాన్నకి చదివి వినిపించాను. బండిని ఏమన్నా ఒప్పుకుంటాడట గానీ కుర్రబండి అంటే ఒప్పుకోడట.

@గాజువాక_రిటైర్డ్ గారూ, ఆదివారం కావాలనే బయలుదేరాను. పొద్దున ఆరింటికి, చల్లటి పూట. అయినా ఆగింది! స్పార్క్ నీలంగా, చప్పుడు వినపడేలా దూకింది. పెట్రోల్ మాత్రం సీసాలో నాలుగు చుక్కలు పడి ఆగిపోయింది. అంటే ఇన్నాళ్లూ కరెంటు వైపు పెట్టిన ఖర్చంతా కాలవలో పోసినట్టే. ఈసారి తడిగుడ్డ వెయ్యలేదు, ఊరికే కూర్చున్నాం, అరగంటకి మామూలుగానే స్టార్ట్ అయింది. నాన్న మొహం చూడాలి.

ట్యాంకు సంగతి అడిగారు కాబట్టి డైరీ తీశాను, పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ రాసుకునే అలవాటు నాకు. ఇది మరీ విచిత్రంగా ఉంది. ఫుల్ ట్యాంక్ చేయించిన మూడుసార్లూ దుగ్గిరాల దాటలేదు, అంటే పది కిలోమీటర్లు కూడా పూర్తిగా రాలేదు. సగం ట్యాంక్ ఉన్న రోజు మంగళగిరి దాకా వచ్చింది. ఒకసారి అడుగున ఐదారు లీటర్లే ఉంటే విజయవాడ బెంజి సర్కిల్ దాకా ఆగకుండా వెళ్లిపోయాం, ఆ రోజు బండి బాగైపోయిందనుకుని స్వీట్లు కూడా కొన్నాం. ఎక్కువ పెట్రోలు ఉంటే తొందరగా ఆగడమేంటండీ, తలకిందులుగా లేదూ?

గాజువాక_రిటైర్డ్:
తలకిందులు కాదు, నీ జబ్బు అక్కడే దొరికింది. ఆ డైరీ ఉంచుకో, మెకానిక్‌కి కూడా చూపించు.

ట్యాంకులోంచి పెట్రోలు పోతుంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే లోపల వ్యాక్యూమ్ పెరుగుతూ పోతుంది, ఒక దశ దాటాక పంప్ దానితో పోరాడలేదు. పాలడబ్బాకి ఒక్కటే కన్నం పెట్టి వంచితే ధార ఎలా ఆగుతుందో చూశావు కదా, అదే ఇది. ట్యాంకు ఫుల్‌గా ఉంటే పైన గాలి కొంచెమే ఉంటుంది, ఒక లీటరు తాగేసరికే వ్యాక్యూమ్ గట్టిగా పట్టేస్తుంది. అడుగున ఐదు లీటర్లు ఉన్నప్పుడు పైనంతా గాలే, రెండు మూడు లీటర్లు తాగినా దానికి లెక్కలేదు. అరగంటలో మూత అంచుల్లోంచి సన్నగా గాలి దూరి సర్దుకుంటుంది, పేరు మాత్రం తడిగుడ్డకి వస్తుంది. ఊళ్లో రెండు కిలోమీటర్లు తిరిగి ఆపేస్తావు కాబట్టి అక్కడ తెలియదు.

ఈసారి ఆగితే బానెట్ వైపు వెళ్లకు. ట్యాంకు మూత తిప్పి చెవి పెట్టి విను. ఆ మూత ఎప్పుడైనా మార్చావా?

తెనాలి_పద్మిని:
మార్చానండీ!! షెడ్డులోంచి తీసిన వారానికే, వీధిలో ఎవరైనా పెట్రోల్ తీసేస్తారేమోనని తాళం ఉన్న మూత కొన్నాను, ఏ బండిదో తెలీదు, సైజు సరిపోయిందని తెచ్చేశాను. వారం అయ్యాక వచ్చి చెప్తాను.

తెనాలి_పద్మిని:
వచ్చాను. నిన్న ఫుల్ ట్యాంక్ చేయించి బయలుదేరాం. దుగ్గిరాల పసుపు యార్డు ఇంకా రాకముందే జర్కులు మొదలు, ఆగింది. నాన్న అప్పటికే నీళ్ల సీసా, గుడ్డ పట్టుకుని దిగిపోయాడు. నేను వెనక్కి వెళ్లి మూతకి తాళం తిప్పి అలా వదులు చేశానో లేదో ఉస్స్‌మని గాలి లోపలికి పీల్చుకుంది, ప్రెషర్ కుక్కర్ విజిల్ ఎత్తినట్టు గట్టిగా, రెండు మూడు సెకన్లు. వెంటనే ఎక్కి సెల్ఫ్ కొడితే పది సెకన్లకి, పంప్ కార్బరేటర్ నింపుకోగానే, అందుకుంది. మూత వదులుగా పెట్టి ఇంటికి వచ్చేశాం, ఎక్కడా ఆగలేదు.

ఇంటికొచ్చి పాత మూత వెతికితే టూల్ బాక్స్ అడుగున దొరికింది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. పాతదాని లోపలి రేకు మీద గుండుసూది దూరేంత కన్నం ఉంది, తుప్పు గీకితే గానీ కనపడలేదు. కొత్తదానికి అసలు కన్నమే లేదు, మెత్తటి రబ్బరు వాషర్ బిగదీసి సీసా బిరడాలా పట్టేస్తుంది. రెండు వందల రూపాయల మూత తెచ్చిన తంటా ఇదంతా. ఇప్పుడు పాతది పెట్టాను, కాకపోతే దాని వాషర్ ఎండి ముక్కలైపోయింది, స్పీడ్ బ్రేకర్ ఎక్కితే వాసన వస్తోంది. లేక కొత్త మూతకే సన్నగా డ్రిల్ కొట్టేయనా?

నాన్న మాత్రం ఆ గుడ్డని సీటు కిందే ఉంచాడు, ఎందుకైనా మంచిదంటున్నాడు.

ఓరుగల్లు_అంబీ:
ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా. అయినా ఆ పాత కండెన్సర్ పారేయకు.

డిక్కీలో_టూల్స్:
నాదీ తప్పే. కానీ ఒక్కటి చూడండి, ఇన్ని నెలలు అంత వ్యాక్యూమ్ పట్టిన ట్యాంకు కదా, ట్యాంకు నుంచి వచ్చే మొదటి రబ్బరు పైపు ముక్క నొక్కుకుపోయి ఉంటుంది, విప్పి వేలితో నొక్కి చూడండి.

తెనాలి_పద్మిని:
చూశానండీ, చపాతీలా అయిపోయి ఉంది. కోసి చూస్తే లోపల నల్లగా పొరలు రాలుతున్నాయి. మీరు చెప్పిన 30ఆర్9 పైపు విజయవాడ ఆటోనగర్‌లో దొరికింది, ట్యాంకు నుంచి పంప్ దాకా ఉన్న రబ్బరు ముక్కలన్నీ మార్చేస్తున్నాను.

గాజువాక_రిటైర్డ్:
డ్రిల్ జోలికి పోకు. కన్నం పెద్దదైతే మలుపులో పెట్రోల్ చిమ్ముతుంది, వానలో నీళ్లు దిగుతాయి, ఇథనాల్ పెట్రోల్లో నీళ్లు పడితే అదింకో కథ. పాత మూతే పెట్టుకో. వాషర్‌కి గాస్కెట్ షీట్ అమ్మేచోట పెట్రోల్‌కి తట్టుకునే కార్క్ షీట్ అడుగు, మూత మీద పెట్టి పెన్సిల్‌తో గీసి కత్తెరతో కత్తిరిస్తే చాలు. కన్నం మీదికి వాషర్ రాకుండా చూసుకో, అలా వస్తే మళ్లీ దుగ్గిరాల దగ్గరే కూర్చుంటావు.