ఓఎఫ్‌డీఎమ్‌కు బ్యాకాఫ్ చాలునా, ప్రీడిస్టార్షన్ తప్పనిసరా?

తరంగజిజ్ఞాసువు:
ఓఎఫ్‌డీఎమ్ (డేటాను సబ్‌క్యారియర్లనే అనేక పక్కపక్క పౌనఃపున్యాలపై పంచి పంపే పద్ధతి) సిగ్నల్ సగటు శక్తిని యాంప్లిఫయర్ సంతృప్త స్థాయికి (అవుట్‌పుట్ ఇక పెరగని స్థాయికి) బాగా దిగువన ఉంచితే, అంటే తగినంత బ్యాకాఫ్ ఇస్తే, వక్రీకరణ సమస్యే రాదని కొందరంటారు. అది శక్తి వృథా, డిజిటల్ ప్రీడిస్టార్షనే (యాంప్లిఫయర్ వక్రీకరణకు విలోమమైన మార్పును సిగ్నల్‌కు ముందే చేయడమే) దారి అని మరికొందరి వాదన. ఏది సబబు?

సరళరేఖ:
నేను బ్యాకాఫ్ పక్షం. 64 సబ్‌క్యారియర్ల దశలన్నీ ఒక్కసారి కలిస్తే శిఖరశక్తి సగటు కంటే 18 డెసిబెల్స్ పైకి పోగలదు. అంతటి శిఖరం బహు అరుదు కనుక ఆచరణలో పది, పన్నెండు డెసిబెల్స్ చూసుకుంటారు. శిఖరం యాంప్లిఫయర్ వంపులోకి చేరిందంటే మూడో ఘాత పదం సబ్‌క్యారియర్లను మూడేసి చొప్పున కలిపి కొత్త పౌనఃపున్యాలను పుట్టిస్తుంది. వాటిలో బ్యాండ్ లోపల పడేవి ఈవీఎమ్‌ను (సిగ్నల్ ఆదర్శ స్థానం నుంచి ఎంత తప్పిందో చెప్పే కొలతను) పెంచుతాయి, వెలుపల పడేవి పక్క చానెల్‌ను చెడగొడతాయి. స్వల్ప వక్రీకరణ ప్రాంతంలో ఇన్‌పుట్‌ను ఒక డెసిబెల్ తగ్గిస్తే ఈ ఉత్పన్నాలు మూడు డెసిబెల్స్ తగ్గుతాయి. ఉష్ణోగ్రత మారినా ఈ పద్ధతికి కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదు.

శిఖరఛేది:
ఆ నెమ్మదికి చెల్లించే మూల్యాన్ని మీరు లెక్కలోకి తీసుకోలేదు. ఆదర్శ క్లాస్ బి యాంప్లిఫయర్ దక్షత పూర్తి స్థాయిలో 78.5 శాతం; అదే సైన్ తరంగాన్ని 10 డెసిబెల్స్ తగ్గించి నడిపితే దాదాపు 25 శాతానికి పడిపోతుంది, మిగిలినదంతా వేడే. అయితే ప్రీడిస్టార్షన్‌ను సర్వరోగ నివారిణిగా చెప్పేవారితోనూ నేను ఏకీభవించను. అది వంపును సంతృప్త స్థాయి వరకే నిటారు చేయగలదు. ఆ పైన కోసుకుపోయిన శిఖరాన్ని ఏ విలోమ ప్రమేయమూ తిరిగి తేలేదు. అందుకే దానికి ముందే శిఖరాలను డిజిటల్‌గా కత్తిరించి, వడపోసి, తప్పును బ్యాండ్ లోపలికి నెట్టాలి. 4జీ మొబైల్ ప్రమాణమైన ఎల్‌టీఈలో బేస్ స్టేషన్‌కు ఈవీఎమ్ హద్దు క్యూపీఎస్‌కేలో (ఒక్కో సంకేతం 2 బిట్లు మోసే పద్ధతి) 17.5 శాతం, 64 క్వామ్‌లో (6 బిట్లు మోసేది) 8 శాతం; పక్క చానెల్‌లోకి లీకయ్యే శక్తి మాత్రం సాధారణంగా సొంత చానెల్ శక్తికి 45 డెసిబెల్స్ దిగువన ఉండాలి. లోపల ఇంత వెసులుబాటు, బయట అంత కాఠిన్యం ఉన్నప్పుడు అసలు నిర్ణయించవలసింది తప్పును ఎక్కడ ఉంచాలన్నదే.

సరళరేఖ:
8 బిట్లు మోసే 256 క్వామ్‌లో ఆ ఈవీఎమ్ హద్దు 3.5 శాతమేనని మరువకండి, కత్తిరింపుకు చోటెక్కడిది? పైగా ప్రీడిస్టార్షన్‌తో ఐదో ఘాతం దాకా సరిదిద్దాలంటే, యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌ను తిరిగి కొలిచే ఫీడ్‌బ్యాక్ రిసీవర్ సిగ్నల్‌కు సుమారు ఐదు రెట్ల బ్యాండ్‌విడ్త్‌ను చూడాలి. బ్యాండ్ వెడల్పయ్యేకొద్దీ జ్ఞాపక ప్రభావాలు (గత సిగ్నల్ ప్రభావం ప్రస్తుత అవుట్‌పుట్‌పై మిగలడం) ముదిరి, ప్రస్తుత ఆంప్లిట్యూడ్‌ను మాత్రమే చూసే పట్టిక పనికిరాదు.

శిఖరఛేది:
256 క్వామ్ గురించిన అభ్యంతరం న్యాయమైనదే. అక్కడ కత్తిరింపు తగ్గించి కొంత బ్యాకాఫ్ ఇవ్వక తప్పదు. ఫీడ్‌బ్యాక్ ఖర్చు మాత్రం యాంప్లిఫయర్ పరిమాణాన్ని బట్టి తేలుతుంది: పదుల వాట్ల యాంప్లిఫయర్‌కు అది స్వల్పం, అనేక చిన్న యాంప్లిఫయర్లున్న యాంటెన్నా శ్రేణిలో ఒక్కొక్కదానికీ విడిగా పెడితే ఆదా అయిన శక్తిని అదే తినేయవచ్చు. బ్యాటరీపై నడిచే ఫోన్ సంగతికొస్తే, ఎల్‌టీఈ అప్‌లింక్‌కు (ఫోన్ నుంచి బేస్ స్టేషన్‌కు వెళ్లే దారికి) శిఖరాలు తక్కువగా ఉండే ఎస్‌సీ-ఎఫ్‌డీఎమ్‌ఏ పద్ధతిని ఎంచుకొని, ఈ భారాన్ని తరంగరూపంలోనే చాలావరకు తగ్గించారు.