జూన్ నుంచి అక్టోబర్ దాకా స్ప్రింటర్లకు ప్రాక్టీస్ ఎలా పెట్టాలి?

రేగడి గ్రౌండ్ పీఈటీ:
సింగరాయకొండ దగ్గర హైస్కూల్లో పీఈటీని. 100, 200 పరిగెత్తేవాళ్లు పదకొండు మంది ఉన్నారు, ఐదుగురు అమ్మాయిలు, అందరూ అండర్ 14, అండర్ 17 వాళ్లే. పోయినేడు రోజూ పొద్దున మూడు కిలోమీటర్లు పరిగెత్తించి, ఆపైన పది వందమీటర్లు కొట్టించాను. పిల్లలు అలిసిపోయి పడిపోతుంటే బాగా పని చేస్తున్నారనుకున్నా. తీరా డివిజన్ పోటీలకు పది రోజుల ముందు ముగ్గురికి తొడ వెనక పట్టేసింది. ఈసారి బడి తెరిచిన దగ్గర్నుంచి పద్ధతిగా చేద్దామని ఉంది. మాకు ట్రాక్ లేదు, నల్లరేగడి గ్రౌండు, వాన పడితే రెండు రోజులు కాలు పెట్టలేం.

నెల్లూరు పాత స్ప్రింటర్:
మాస్టారూ, ఆ మూడు కిలోమీటర్లు ముందు తీసెయ్యండి. పన్నెండు సెకన్ల పరుగుకు దానితో ఏం పని? వారంలో మూడు రోజులే ఫుల్ స్పీడ్, సోమ, బుధ, శుక్ర. మధ్య రోజుల్లో గడ్డి మీద తేలిగ్గా 100 మీటర్లు ఓ ఎనిమిది సార్లు, మాట్లాడుకుంటూ పరిగెత్తేంత నిదానంగా. జూన్‌లో 20, 30 మీటర్లు దాటొద్దు, ఊళ్లో చెరువు కట్ట ఉంటే దాని ఏటవాలు మీదికి పరిగెత్తించండి, కాలు దానంతటదే సరిగ్గా పడుతుంది. జూలైలో 40, ఆగస్టులో 60, ఆ తర్వాత 200 వాళ్లకు మాత్రం 120.

అసలు సంగతి విశ్రాంతి. ఫుల్ స్పీడులో పది మీటర్లకు ఒక నిమిషం లెక్క, అంటే 30 కొడితే మూడు నిమిషాలు ఆగాలి, 60కి ఆరు. పిల్లలు నిలబడి కబుర్లు చెప్పుకుంటుంటే హెచ్‌ఎం గారు చూసి మీకు పని లేదనుకుంటారు, అనుకోనివ్వండి. స్పీడు తగ్గిన పరుగు ఒక్కటి కనపడినా ఆ పూటకు ఆపేయాలి.

కావలి నాన్న:
మా అబ్బాయిని కొత్తపట్నం బీచ్‌కు తీసుకెళ్లి ఇసకలో పరిగెత్తించమని ఒకాయన చెప్పాడు. మంచిదేనా?

నెల్లూరు పాత స్ప్రింటర్:
అన్నా, మెత్తటి ఇసకలో కాలు దిగబడి నేల మీద ఎక్కువసేపు ఉంటుంది, స్ప్రింటర్‌కు కావాల్సింది దానికి పూర్తి వ్యతిరేకం. నీళ్ల అంచున గట్టి ఇసక మీద వార్మప్ చేస్తే తప్పు లేదు. మైపాడులో మేమూ చేశాం, ఎక్కువగా సరదాకే.

ఒంగోలు టీచరమ్మ:
తొడ వెనక నొప్పికి మా పిల్లలకు పనికొచ్చింది ఒక్కటే: గోనెసంచి మడిచి మోకాళ్ల మీద కూర్చోబెట్టి, వెనక ఇంకొకరు చీలమండలు గట్టిగా పట్టుకుంటే, నడుం వంచకుండా ఎంత నిదానంగా వీలైతే అంత నిదానంగా ముందుకు వాలడం, పడబోయేటప్పుడు చేతులు ఆన్చుకోవచ్చు. మొదటి వారం నాలుగు సార్లు చాలు, మర్నాడు మెట్లు దిగలేరు, చూస్తారుగా. పోటీలకు వారం ముందు ఆపేయండి. ఇంకోటి, స్టాప్‌వాచ్ నమ్మకండి, విజిల్‌కు ఒకసారి, చెయ్యి ఊపితే ఇంకోసారి టైము మారిపోతుంది. సున్నంతో 20 మీటర్లు గీసి, దానికి ముందు 20 మీటర్లు ఊపు అందుకోనిచ్చి, ఫోన్‌లో స్లో మోషన్ తీసి ఫ్రేములు లెక్కేయండి. సెకనుకు 240 ఫ్రేముల వీడియోలో 10 ఫ్రేములు తగ్గినా ఆ పిల్ల స్పీడు పెరిగినట్టే.

రేగడి గ్రౌండ్ పీఈటీ:
థాంక్స్ అండి. మరి అక్టోబర్ వానల్లో?

నెల్లూరు పాత స్ప్రింటర్:
అప్పటికి చేయాల్సింది చేసేసి ఉంటారు, పరుగుల సంఖ్య సగం చేయండి, స్పీడు మాత్రం తగ్గించొద్దు. వాన రోజున వరండాలో రిలే బ్యాటన్ మార్పిడి నేర్పండి, నడుస్తూనే. బ్యాటన్ అందుకునే జోన్ ఇప్పుడు 30 మీటర్లు, పాత 20 లెక్కతో గుర్తు పెట్టుకుని మా ఊరి టీమ్ ఒకటి పది మీటర్లు చేజేతులా వదిలేసుకుంది.