13 ఏళ్ల పిల్లాడితో బరువులు ఎత్తించొచ్చా?

అనంతపురం నుంచి రాస్తున్నా. మావాడికి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. దూకి దిగితే మోకాళ్లు లోపలికి వాలుతున్నాయి. బరువులెత్తితే పొడవు పెరగడని మా అమ్మకు ఒకటే టెన్షన్.

జవాబు: పద్ధతిగా నేర్పిస్తే ఎదుగుదల ఆగదన్నా. పిల్లలకు ఆట నేర్పిస్తుంటా, కళ్లారా చూస్తున్నా. మొదట ఒంటి బరువు చాలు. అద్దం ముందు నెమ్మదిగా గుంజీలు తీయించండి, మోకాలు కాలివేళ్ల వైపే ఉండాలి. దూకి దిగినప్పుడు చప్పుడు వినండి. ధబ్బుమంటే కాళ్లు బిగబట్టి దిగుతున్నట్టే, మోకాళ్లు వంచి మెత్తగా దిగమనండి. ఆటలో గాయాలు తగ్గించడానికి ఫిఫా తయారుచేసిన వార్మప్ ఒకటుంది, పేరు 11+ (అది వయసు కాదు), అది 14 నిండినవాళ్లకు. మీవాడికి దాంట్లోనే పిల్లల కోసం చేసిన 11+ కిడ్స్ సరిపోతుంది, వారానికి రెండుసార్లైనా.

ఇంకొకరు: మన ఎండలకు సాయంత్రం ఐదు దాటాకే గ్రౌండుకు పంపండి. ఆట అయ్యాక ఉడకబెట్టిన చెనిక్కాయలు పెట్టండి.

అడిగినవారు: రాత్రి గుంజీలు తీయించా. ఐదోదానికే కుడి మోకాలు లోపలికి పోయిందన్నా. రేపట్నుంచి రోజూ పక్కనే నిలబడి చూస్తా.